ఇంట గెలుపు, రచ్చ గెలుపు: విమానయాన సంస్థల మనుగడకు విదేశీ విస్తరణ ఎంతవరకు అవసరం?

ఒక దేశంలో పుట్టిన విమానయాన సంస్థ ఆ దేశపు హద్దుల్లోనే ఎగురుతూ ఎంతకాలం నిలవగలదు, సరిహద్దు దాటి విస్తరించకపోతే దానికి మనుగడ లేదా అన్న ప్రశ్న 1978లో అమెరికా తన దేశీయ విమాన రంగంలో ధరలపైనా మార్గాలపైనా ఉన్న నియంత్రణను ఎత్తివేసిన నాటి నుంచి ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే ఉంది. దానికి వచ్చిన జవాబులు మాత్రం దశాబ్దానికొక తీరుగా మారాయి. 1990లలో ప్రపంచమంతటికీ కొద్దిపాటి మహాసంస్థలే మిగులుతాయని, వాటి సరసన చేరలేనివి కనుమరుగవుతాయని నిర్వాహకులూ వారి సలహాదారులూ గట్టిగా నమ్మారు. ఆ తరువాత చౌక టికెట్ల సంస్థలు, అంటే ఒకే రకం విమానాలతో, అదనపు సదుపాయాలు లేకుండా, ఖర్చు తగ్గించుకుని టికెట్టు ధర తగ్గించే సంస్థలు, ఆ నమ్మకాన్ని సడలించాయి. 2020లో కోవిడ్ వల్ల సరిహద్దులు మూతపడినప్పుడు, సొంత దేశంలో పెద్ద మార్కెట్ ఉన్న సంస్థలే ముందుగా తేరుకోవడంతో వాదం అటు మొగ్గింది. మూడు నాలుగేళ్లు గడిచేసరికి అమెరికాలో విదేశీ మార్గాలున్న పెద్ద సంస్థలు లాభాలు గడిస్తుండగా దేశీయ చౌక సంస్థలు చతికిలబడడంతో మళ్లీ ఇటు మొగ్గింది. ఇలా ఊగిసలాడే ప్రశ్న విషయంలో జవాబులకన్నా ముందు ప్రశ్నలోని మాటలను, ముఖ్యంగా ‘సొంత మార్కెట్’ అన్న మాటను, తరచి చూడవలసి ఉంటుంది.

సబ్బుల కంపెనీకి సొంత మార్కెట్ అంటే అది పుట్టి పెరిగిన చోటు మాత్రమే. విమానయాన సంస్థకు అది చట్టం గీసిన గీత. 1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు సంతకం చేసిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై సంపూర్ణ సార్వభౌమత్వం ఉంటుందని తేల్చింది, దాంతో ఒక దేశపు విమానం మరో దేశానికి క్రమబద్ధంగా తిరగాలంటే ఆ రెండు ప్రభుత్వాలూ ముందుగా ఒప్పందం చేసుకోవడం తప్పనిసరి అయింది. ఈ అనుమతులను ‘గగన స్వేచ్ఛలు’ అంటారు. దిగకుండా దాటిపోయే హక్కు మొదటిది, ఇంధనం వంటి అవసరాలకు మాత్రమే దిగే హక్కు రెండవది, సొంత దేశం నుంచి పరదేశానికి ప్రయాణికులను తీసుకువెళ్లే హక్కు మూడవది, అక్కడి నుంచి తెచ్చుకునే హక్కు నాలుగవది, సొంత దేశంలో మొదలైన మార్గంలో రెండు పరదేశాల మధ్య కూడా టికెట్లు అమ్ముకునే హక్కు అయిదవది. మూడవ, నాలుగవ స్వేచ్ఛలను కలిపికుట్టి, ఒక పరదేశపు ప్రయాణికుడిని తన నగరంలో విమానం మార్పించి మరో పరదేశానికి చేర్చడాన్ని ఆరవ స్వేచ్ఛగా వ్యవహరిస్తారు. పరదేశంలోని రెండు ఊళ్ల మధ్య వ్యాపారం చేసే హక్కును మాత్రం దాదాపు ఏ దేశమూ ఇతరులకు ఇవ్వదు. దీనికి తోడు యాజమాన్యపు షరతు ఒకటి ఉంది: అమెరికాలో విదేశీయుల ఓటు హక్కు 25 శాతానికి, యూరోపియన్ యూనియన్‌లో బయటివారి వాటా 49 శాతానికి మించకూడదు, భారతదేశం 2012లో విదేశీ విమానయాన సంస్థలకు తలుపు తెరిచినప్పుడు కూడా 49 శాతం వద్దే ఆపింది. అందువల్ల ఈ రంగంలో ‘విదేశీ విస్తరణ’ అంటే పరాయి ఊళ్లో దుకాణం తెరవడం కాదు, సొంత ఊరి నుంచి ఆ ఊరికి బండి నడపడం మాత్రమే. బండికి ఒక కొస ఎప్పుడూ ఇంటి గుంజకే కట్టి ఉంటుంది. విస్తరణను సమర్థించేవారు చాలామంది ఈ సంగతిని పట్టించుకోకుండా సాగిపోతారు.

రెండవ మాట ‘విస్తరణ’. విమానయాన సంస్థ పెద్దదైన కొద్దీ దాని ఖర్చు తగ్గుతుందన్నది వినడానికి సహజంగానే ఉంటుంది గాని, 1984లో కేవ్స్, క్రిస్టెన్సెన్, ట్రెథ్‌వే అనే ఆర్థికవేత్తలు అమెరికా సంస్థల ఖర్చులను విశ్లేషించి ప్రచురించిన పరిశోధన అందులో రెండు వేరువేరు విషయాలు కలగాపులగమై ఉన్నాయని చూపింది. ఉన్న ఊళ్ల మధ్యనే ఎక్కువ విమానాలు తిప్పి, ఎక్కువ మందిని ఎక్కించడం వల్ల తగ్గే ఖర్చు ఒకటి, దీన్ని సాంద్రత లాభం అనవచ్చు. కొత్త కొత్త ఊళ్లను కలుపుకుంటూ పోవడం వల్ల తగ్గుతుందనుకునే ఖర్చు రెండవది, దీన్ని విస్తృతి లాభం అనవచ్చు. మొదటిది గణనీయంగానే ఉందని, రెండవది లేనట్టేనని వారు తేల్చారు. దీని వెనుక ఉన్న లెక్క సామాన్యమైనదే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోజూ రెండు విమానాలు తిప్పే సంస్థ వాటిని ఎనిమిదికి పెంచితే కౌంటర్లు, విడిభాగాల నిల్వ, ఇంజనీర్ల బృందం, ప్రకటనల ఖర్చు అన్నీ నాలుగింతలు కావు, పైగా ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రావాలనుకునే వ్యాపార ప్రయాణికుడు, వేళలు ఎక్కువగా ఉన్న సంస్థనే ఎంచుకుని ఎక్కువ ధర ఇస్తాడు. అదే ఆరు విమానాలను ఆరు కొత్త ఊళ్లకు పంపితే ప్రతి ఊళ్లోనూ ఆ ఖర్చంతా మళ్లీ మొదటి నుంచి పెట్టాలి, ఏ ఊళ్లోనూ వేళల బలం ఉండదు. ఈ రంగం ప్రపంచవ్యాప్తంగా మంచి ఏడాదిలోనైనా ప్రయాణికుడికి ఏడు డాలర్లకు అటూ ఇటూగా మాత్రమే నికర లాభం మిగుల్చుకుంటుంది గనుక, ఈ తేడాయే బతుకుకూ చావుకూ మధ్య గీత అవుతుంది.

ఈ తేడాను పెట్టుకుని చూస్తే, ఇల్లు లేకుండా రచ్చ మీదే బతికిన సంస్థకు ఏం జరిగిందో పాన్ అమెరికన్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1927లో ఫ్లోరిడా కొసనున్న కీ వెస్ట్ నుంచి క్యూబా రాజధాని హవానాకు ఉత్తరాలు మోయడంతో మొదలైన ఈ సంస్థ, హువాన్ ట్రిప్ నాయకత్వంలో అమెరికాకు విదేశాల్లో అనధికార రాయబారిగా ఎదిగింది, కాని నియంత్రణ ఉన్నంతకాలం ప్రభుత్వం దానికి దేశంలోపల మార్గాలు ఇవ్వలేదు. న్యూయార్క్ నుంచి లండన్‌కు వెళ్లే దాని విమానంలోకి సెయింట్ లూయిస్, డెన్వర్ వంటి ఊళ్ల ప్రయాణికులను ఇతర సంస్థలే తెచ్చి అందించేవి. 1978 తరువాత ఆ ఇతర సంస్థలు తామే లండన్‌కు ఎగిరే అవకాశం వచ్చేసరికి తెచ్చివ్వవలసిన అవసరం వాటికి లేకపోయింది. పాన్ అమెరికన్ ఇంటిని కొనుక్కోవాలని తొందరపడి 1980లో నేషనల్ ఎయిర్‌లైన్స్‌ను కొన్నది, కాని ఆ సంస్థ మార్గాలు ఎక్కువగా ఫ్లోరిడాకు పైకీ కిందికీ తిరిగేవి కావడంతో పాన్ అమెరికన్‌కు కావలసిన దిక్కుల నుంచి ప్రయాణికులు రాలేదు. 1985లో పసిఫిక్ మార్గాలను 75 కోట్ల డాలర్లకు యునైటెడ్‌కు అమ్ముకుంది. 1988 డిసెంబరులో స్కాట్లండ్‌లోని లాకర్బీ గగనతలంలో దాని విమానం బాంబు పేలుడుకు గురై 270 మంది మరణించారు. గల్ఫ్ యుద్ధంతో ఇంధన ధర పెరిగి ప్రయాణికులు తగ్గారు. 1991 జనవరిలో దివాలా రక్షణ కోరి, లండన్ హీత్రో హక్కులనూ అమ్మి, అదే ఏడాది డిసెంబరు 4న ఆగిపోయింది. దాని పతనానికి లాకర్బీనే కారణంగా చెప్పడం వాడుక. అయితే పసిఫిక్‌ను అమ్ముకున్నది లాకర్బీకి మూడేళ్ల ముందన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ సౌత్‌వెస్ట్. 1971 జూన్‌లో టెక్సస్ రాష్ట్రంలోని డల్లస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో నగరాల మధ్య మూడు బోయింగ్ 737లతో మొదలైన ఈ సంస్థ 1973 నుంచి 2019 వరకు వరుసగా 47 ఏళ్లు లాభం చూపింది. తొలి విదేశీ విమానాన్ని 2014 జులైలో గాని నడపలేదు, అదీ అరూబా, జమైకా, బహామాస్ వంటి సమీప దీవులకే. నాలుగు దశాబ్దాలకు పైగా సరిహద్దు దాటకుండానే ప్రపంచంలో అత్యంత నిలకడగా లాభాలు గడించిన సంస్థ ఒకటి ఉన్నదంటే, దాటనిదే మనుగడ లేదన్న సూత్రం అక్కడికక్కడే వీగిపోవాలి. కాని ఈ ఉదాహరణను వాడేవారు సాధారణంగా రెండు సంగతులను దాటవేస్తారు. మొదటిది, అమెరికా మార్కెట్ ఒక దేశమంత కాదు, ఒక ఖండమంత. దానిలో లోపలికి పెరగడానికే నలభై ఏళ్లు సరిపోయాయి, ఆ వసతి బెల్జియంకో మలేసియాకో లేదు. రెండవది, ఆ వసతి కూడా ఇప్పుడు నిండినట్టే కనిపిస్తోంది. 2022 తరువాత పైలట్ల జీతాలు పెరిగి, దేశీయ మార్గాల్లో సీట్లు అవసరానికి మించిపోయి సౌత్‌వెస్ట్ లాభం బాగా కుంగింది. దశాబ్దాలుగా తన గుర్తింపుగా నిలుపుకున్న ఉచిత లగేజీ విధానాన్ని 2025 మేలో వదులుకుంది. మరింత చౌకగా అమ్మే స్పిరిట్ 2024 నవంబరులో ఒకసారి, 2025 ఆగస్టులో మరొకసారి దివాలా రక్షణ కోరింది. అదే కాలంలో అమెరికా విమానరంగపు లాభంలో సింహభాగం డెల్టా, యునైటెడ్ సంస్థలకు చేరింది.

విదేశీ మార్గాలే ఈ రెంటినీ గెలిపించాయన్న వ్యాఖ్యానం వినిపిస్తుంది. అట్లాంటిక్ మార్గాలు వాటికి బాగా కలిసివచ్చిన మాట నిజమే అయినా, వాటి ఆదాయంలో అంతే ముఖ్యమైనది మరొకటి ఉంది: తరచూ ప్రయాణించేవారికి ఇచ్చే మైళ్లను సంస్థలు బ్యాంకులకు టోకుగా అమ్ముతాయి, బ్యాంకులు వాటిని క్రెడిట్ కార్డు వాడకందారులకు పంచుతాయి. డెల్టాకు 2024లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి ఈ పద్దు కింద 700 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఆ కార్డులు పట్టుకున్నవారు అట్లాంటా, డెట్రాయిట్, మినియాపొలిస్ వాసులు. ప్యారిస్ వాసులు కారు. ప్యారిస్ విమానం ఆ మైళ్లకు విలువ తెచ్చే ఎరగా పనిచేస్తుందని అనవచ్చు, అంతవరకు విదేశీ మార్గానికి పాత్ర ఉంది, కాని డబ్బు పుట్టేది ఇంట్లోనే.

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న సామెత ఇల్లున్నవాడికే వర్తిస్తుంది. సింగపూర్‌కు దేశీయ మార్గమే లేదు; మలేసియాతో ఉమ్మడిగా నడిచిన సంస్థ చీలిపోయాక 1972లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ పుట్టిన మొదటి రోజు నుంచే అది ఎగిరిన ప్రతిచోటూ విదేశమే. 1985 అక్టోబరు 25న ఎమిరేట్స్ పాకిస్తాన్ నుంచి అద్దెకు తెచ్చుకున్న విమానంతో దుబాయి నుంచి కరాచీకి తొలిసారి ఎగిరినప్పుడు దానికి ఇంట్లో దొరికే ప్రయాణికులు ఒక చిన్న రేవు పట్టణపు జనాభా మాత్రమే. ఇటువంటి సంస్థలకు ‘విస్తరించాలా వద్దా’ అన్న ప్రశ్నే ఉండదు. అవి ఆరవ స్వేచ్ఛను ఆధారం చేసుకుని, ఊరంత ఇంటిని ప్రపంచపు కూడలిగా మార్చుకున్నాయి. హైదరాబాద్ ప్రయాణికుడూ కొచ్చి ప్రయాణికుడూ లాహోర్ ప్రయాణికుడూ దుబాయిలో దిగి, అక్కడ కలగలిసి, న్యూయార్క్‌కో మాంచెస్టర్‌కో పోయే ఒకే పెద్ద విమానాన్ని నింపుతారు. అంటే ఇక్కడ కూడా పనిచేసింది విస్తృతి కాదు, సాంద్రతే. ఆ సాంద్రత ఒకే విమానాశ్రయంలో పోగుపడింది.

అయితే ఆ నమూనాకు ఖరీదు ఉంది, అది కష్టకాలంలో బయటపడుతుంది. 2020లో సరిహద్దులు మూసుకున్నప్పుడు ఈ సంస్థలకు ఎగరడానికి అంగుళం ఆకాశం మిగలలేదు. ఎమిరేట్స్ 2020-21లో 550 కోట్ల డాలర్ల నష్టం చవిచూసింది, దుబాయి ప్రభుత్వం 310 కోట్ల డాలర్లు సర్దింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్ అండతో వాటాలు, బాండ్ల రూపంలో భారీగా నిధులు సమీకరించుకుంది. హాంకాంగ్‌కు చెందిన కథే పసిఫిక్‌ను 3,900 కోట్ల హాంకాంగ్ డాలర్ల పునర్‌వ్యవస్థీకరణతో నిలబెట్టవలసి వచ్చింది. ఇల్లు లేనివాడికి ఖజానాయే ఇల్లయింది. అటువంటి అండ లేని సంస్థ అదే పనికి పూనుకుంటే ఏమవుతుందో ఐస్‌లాండ్‌కు చెందిన వావ్ ఎయిర్ చూపింది: మూడున్నర లక్షల జనాభా గల ద్వీపం నుంచి అమెరికాకూ యూరప్‌కూ మధ్య చౌక టికెట్లు అమ్మి, 2018 డిసెంబరులో ఢిల్లీ దాకా విమానం వేసి, కొన్ని వారాలకే దాన్ని ఎత్తివేసి, 2019 మార్చి 28న మూతపడింది. ఫిన్‌ఎయిర్ కథ మరో తీరు. సైబీరియా మీదుగా అడ్డదారిలో ఆసియాను యూరప్‌తో కలిపే కూడలిగా హెల్సింకీని దశాబ్దాలపాటు తీర్చిదిద్దుకున్న ఆ సంస్థకు, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా ఆకాశం మూతపడగానే ఆ అడ్డదారి లేకుండా పోయింది. విమానాలనూ సిబ్బందినీ ఇతర సంస్థలకు అద్దెకిచ్చి, యూరప్‌లోపలికీ అమెరికా వైపుకూ తిరిగి నిలదొక్కుకోవలసి వచ్చింది. గగన స్వేచ్ఛల్లో మొదటిది, అన్నిటికన్నా స్వల్పమైనదిగా కనిపించేది, అంత బరువైనదన్న మాట.

చిన్న ఇల్లున్నవారికి మరో దారి ఇంటి గోడలనే జరపడం. యూరప్ ఆ పని చేసింది. 1993లో అమలైన మూడవ సంస్కరణల దశతో, 1997 ఏప్రిల్‌లో సభ్యదేశాల లోపలి మార్గాలను కూడా పరస్పరం తెరవడంతో, యూరోపియన్ యూనియన్ మొత్తం ఒకే సొంత మార్కెట్ అయింది. 1985లో ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్ నుంచి లండన్‌కు చిన్న విమానంతో మొదలైన రయన్‌ఎయిర్ 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో 20 కోట్ల మందిని చేరవేసింది. వారిలో అధికభాగం ఐర్లండ్‌తో సంబంధం లేనివారే. దీన్ని విదేశీ విస్తరణకు ఘనమైన ఉదాహరణగా చూపడం పరిపాటి. చట్టం దృష్టిలో మాత్రం మిలాన్ నుంచి పలెర్మోకు ఎగిరే ఐరిష్ విమానం ఇంట్లోనే ఎగురుతోంది. ఈ తేడా మాటల గారడీ కాదని బ్రెగ్జిట్ నిరూపించింది: బ్రిటన్ బయటకు పోవడానికి నిర్ణయించుకోగానే ఈజీజెట్ 2017లో వియన్నా కేంద్రంగా మరో సంస్థను నమోదు చేయించుకోవలసి వచ్చింది, రయన్‌ఎయిర్ యూనియన్ బయటి వాటాదారుల ఓటు హక్కును కట్టడి చేసింది.

గోడలు జరగని చోట పొరుగింటిలో వాటా కొనాలన్న ఆలోచన పుడుతుంది. ఈ ప్రశ్న మొత్తంలో అత్యంత విచారకరమైన అధ్యాయం ఇదే, దీనికి శీర్షిక స్విస్‌ఎయిర్. 1992 డిసెంబరులో స్విట్జర్లాండ్ ప్రజలు యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో చేరడాన్ని స్వల్ప తేడాతో తిరస్కరించడంతో, చుట్టూ ఒకే మార్కెట్ ఏర్పడుతుండగా స్విస్‌ఎయిర్ దాని నడుమ బయటిదిగా మిగిలిపోయింది. ‘ఎగిరే బ్యాంకు’ అని పేరుపొందినంత ఆర్థిక బలం ఉన్న ఆ సంస్థకు ఇల్లు ఇరుకని బెంగ పట్టుకుంది. 1995లో బెల్జియం సంస్థ సబేనాలో 49.5 శాతం కొన్నది. ఆపైన మెకిన్సే సలహాదారులు సూచించిన ‘వేట వ్యూహం’ పేరిట ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్, దక్షిణాఫ్రికా సంస్థల్లో వాటాలు పోగుచేసుకుంది. యాజమాన్యపు షరతుల వల్ల సగానికి మించి కొనే వీలు చాలాచోట్ల లేదు. బలమైన సంస్థలు అమ్మకానికి లేవు. కనుక చేతికి చిక్కినవి చాలావరకు నష్టాల్లో ఉన్నవే. అధికారం లేని వాటా, ఆదాయం లేని బాధ్యత రెండూ ఒకేచోట చేరాయి: కార్మికులను తగ్గించాలన్నా మార్గాలు మార్చాలన్నా స్థానిక ప్రభుత్వాలూ సంఘాలూ అడ్డుపడేవి, డబ్బు కావలసినప్పుడు మాత్రం జూరిక్ వైపు చూసేవి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత మూడు వారాలకే, అక్టోబరు 2న, ఇంధనం కొనడానికి నగదు లేక స్విస్‌ఎయిర్ విమానాలు నేల మీదే నిలిచిపోయాయి. నెల తిరగగానే సబేనా దివాలా తీసింది.

ఆ పాఠం పుస్తకాలకెక్కిన పదేళ్లకే అబూదాబీకి చెందిన ఎతిహాద్ అదే దారిలో నడిచి ఎయిర్ బెర్లిన్‌లో 29 శాతం, అలితాలియాలో 49 శాతం, జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం కొనడం కార్పొరేట్ జ్ఞాపకశక్తి ఎంత పొట్టిదో చెబుతుంది. ఎయిర్ బెర్లిన్ 2017లో, జెట్ 2019లో, అలితాలియా 2021లో ఎగరడం మానేశాయి. ఎతిహాద్ వెనుక చమురు ఖజానా ఉంది గనుక అది మాత్రం మిగిలింది. ఎయిర్ న్యూజీలాండ్ తన ఇంటికన్నా అయిదింతల జనాభా గల ఆస్ట్రేలియాలో ఆన్‌సెట్‌ను 2000లో పూర్తిగా కొని, మరుసటి ఏడాది అది కుప్పకూలడంతో తానే ప్రభుత్వం చేతికి వెళ్లవలసి వచ్చింది. మలేసియాకు చెందిన ఎయిర్ ఏసియా థాయిలాండ్, ఇండొనేసియాల్లో స్థానిక భాగస్వాములతో ఉమ్మడి సంస్థలు పెట్టి నిలబడింది, జపాన్‌లో రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ విఫలమైంది, భారత్‌లోని తన వాటాను టాటాలకు అమ్ముకుని వెళ్లిపోయింది.

వాటాల కొనుగోలు ఇన్నిసార్లు బెడిసికొట్టడంతో కూటములకు ప్రాముఖ్యం వచ్చింది. కోడ్‌షేర్, అంటే ఒక సంస్థ నడిపే విమానంలోని సీట్లను మరో సంస్థ తన నంబరుతో అమ్ముకోవడం. కూటమి, అంటే ఇటువంటి ఏర్పాట్లను అనేక సంస్థల మధ్య శాశ్వతం చేసుకోవడం. 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ ఏర్పడ్డాయి. వీటికన్నా లోతైనది ఉమ్మడి వ్యాపారం, అందులో ఒక మార్గంపై వచ్చే రాబడిని, ప్రయాణికుడు ఎవరి విమానం ఎక్కాడన్నదానితో నిమిత్తం లేకుండా భాగస్వాములు పంచుకుంటారు. 1992లో అమెరికా, నెదర్లాండ్స్ ఆకాశాన్ని పరస్పరం తెరిచాక, మరుసటి ఏడాది నార్త్‌వెస్ట్, కే.ఎల్.ఎం. సంస్థలకు పోటీ చట్టాల నుంచి మినహాయింపు దొరకడంతో ఈ పద్ధతి మొదలైంది. కూటమి వల్ల చిన్న సంస్థ తన విమానం పంపని ఊరికి కూడా టికెట్టు అమ్మగలుగుతుంది. ఇది విస్తరణ అవసరాన్ని తీర్చే ఉపాయమా, విస్తరణకు మారుపేరా అన్న చర్చ పండితుల మధ్య ఉన్నదే. ప్రయాణికుడి బ్యాగు దారి తప్పినప్పుడు ఎవరిని అడగాలన్న చర్చ కౌంటర్ల దగ్గర అంతకన్నా తీవ్రంగా ఉంటుంది.

భారతదేశపు అనుభవం ఈ వాదాలన్నిటినీ ఒకేచోట పరీక్షిస్తుంది. 1953లో పార్లమెంటు విమాన రంగాన్ని జాతీయం చేసి, నిజాం సంస్థానంలో టాటాల భాగస్వామ్యంతో పుట్టి బేగంపేట నుంచి ఎగిరిన డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలను ఇండియన్ ఎయిర్‌లైన్స్ కిందికి తెచ్చింది, విదేశీ మార్గాలను ఎయిర్ ఇండియాకు విడిగా కేటాయించింది. అంటే ప్రభుత్వమే ఒకే చట్టంతో ఇల్లు మాత్రమే ఉన్న సంస్థను ఒకదాన్ని, రచ్చ మాత్రమే ఉన్న సంస్థను మరొకదాన్ని తయారుచేసింది. గుత్తాధిపత్యం ఉన్నంతకాలం ఈ విడదీతలోని లోపం బయటపడలేదు. 2007లో రెంటినీ కలిపేసరికి దేశంలో ప్రైవేటు సంస్థలు, విదేశాలకు గల్ఫ్ సంస్థలు బలపడి ఉన్నాయి. కలిసిన సంస్థ అప్పుల్లో మునిగి 2022 జనవరిలో తిరిగి టాటాల చేతికి వెళ్లింది.

ప్రైవేటు సంస్థలు విదేశాలకు వెళ్లాలంటే దేశంలో అయిదేళ్లు ఎగిరి, 20 విమానాలు సమకూర్చుకోవాలన్న నిబంధన 2004 చివరి నుంచి 2016 వరకు అమలులో ఉంది. ఇంట గెలవడాన్ని చట్టమే తప్పనిసరి చేసిందన్నమాట. అయితే గెలవడానికీ కాలం గడపడానికీ ఉన్న తేడాను అది పట్టించుకోలేదు. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్ అయిదేళ్లు ఆగలేక, 2003 నుంచి ఎగురుతున్న ఎయిర్ డెక్కన్‌ను చేజిక్కించుకుని, ఆ అనుమతి మీద 2008 సెప్టెంబరులో బెంగళూరు నుంచి లండన్‌కు ఎగిరింది, ఇంట్లో ఒక్క ఏడాది కూడా లాభం చూడకుండానే 2012 అక్టోబరులో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ దారి దీనికన్నా మెరుగ్గా మొదలైంది: 1993 నుంచి దశాబ్దం పాటు దేశంలో పేరు సంపాదించి 2004లో కొలంబోకు, ఆ తరువాత లండన్‌కు వెళ్లింది. కాని 2007లో 1,450 కోట్ల రూపాయలకు ఎయిర్ సహారాను కొని, పెద్ద విమానాలకు ఒకేసారి ఆర్డర్లిచ్చి, 2008లో చమురు మండిపోయినప్పుడు ఆ పెద్ద విమానాలను ఇతర దేశాల సంస్థలకు అద్దెకివ్వవలసి వచ్చింది. 2019 ఏప్రిల్ 17న అది ఆగే నాటికి ఇంట్లో ఇండిగోతో ధరల్లో పోటీపడలేక, బయట గల్ఫ్ సంస్థలతో వేళల్లో పోటీపడలేక ఉంది. దేశం దాటకపోవడమూ రక్షణ కాలేదు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో చిన్న ఎంబ్రేయర్ విమానాలతో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో, హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. ఇవి విదేశాలకు వెళ్లనందువల్ల పోలేదు, ఏ ఒక్క మార్గంలోనూ సాంద్రత చేకూరకముందే విమానాల అద్దె కట్టలేక పోయాయి.

2006 ఆగస్టులో మొదలైన ఇండిగో ఒకే రకం విమానాలతో అయిదేళ్లు దేశంలోనే తిరిగి, 2011 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి దుబాయికి తొలి విదేశీ విమానం వేసింది. ఆ మార్గాలను ఎంచుకున్న తీరు గమనించదగ్గది. దేశంలోపల రాత్రి పదకొండు తరువాత ప్రయాణించేవారు తక్కువ, కాని నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి వలస కూలీగా గల్ఫ్‌కు వెళ్లేవాడికి టికెట్టు చౌకైతే అర్ధరాత్రయినా అభ్యంతరం లేదు. పగలంతా హైదరాబాద్, ముంబై, చెన్నైల మధ్య తిరిగిన విమానమే రాత్రి దుబాయికో షార్జాకో వెళ్లి తెల్లవారేసరికి తిరిగి వస్తే అద్దె అదనంగా పెరగకుండానే మరో ఎనిమిది గంటల ఆదాయం వస్తుంది. దీనికి పన్నుల లెక్క కూడా తోడైంది: దేశీయ విమానానికి నింపే ఇంధనంపై కొన్ని రాష్ట్రాలు 25 శాతానికి మించి అమ్మకం పన్ను వసూలు చేస్తాయి, విదేశానికి వెళ్లే విమానపు ఇంధనానికి ఆ పన్ను లేదు. ఇక మూడవది మారకపు లెక్క. సంస్థ ఆదాయం రూపాయల్లో, విమానాల అద్దె, మరమ్మతులు, ఇంధనం డాలర్లలో ఉన్నంతకాలం రూపాయి పడినప్పుడల్లా దెబ్బ తగులుతుంది. 2025 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో ఇండిగో చూపిన 2,582 కోట్ల రూపాయల నష్టానికి ప్రధాన కారణం ఇదే, ఆ పద్దును తీసేస్తే స్వల్ప లాభమే ఉండేది. విదేశాల్లో అమ్మిన టికెట్టు డాలర్లు తెస్తుంది గనుక ఈ దెబ్బకు కొంత కాపు. విదేశీ విస్తరణకు అనుకూలంగా వినిపించే వాదాలన్నిటిలో బలమైనవి ఈ మూడే, మూడూ ఇంట్లో ఇప్పటికే ఉన్న విమానాన్ని, ఇప్పటికే ఉన్న బాకీని మెరుగ్గా వాడుకోవడానికి సంబంధించినవే.

దూర ప్రయాణాల విషయం వేరు. భారతదేశంలో 2024లో దేశీయ విమానాలెక్కినవారు 16 కోట్లు దాటారు, ఆ మార్కెట్‌లో 60 శాతానికి పైగా ఇండిగోదే, అయినా శంషాబాద్ నుంచి డల్లస్‌కో షికాగోకో వెళ్లే తెలుగు విద్యార్థి దుబాయి, దోహా, అబూదాబీ, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఎక్కడో ఒకచోట విమానం మారుతూనే ఉన్నాడు. దుబాయితో ఉన్న ఒప్పందం ప్రకారం ఇరుపక్షాల సంస్థలకూ వారానికి చెరి 66 వేల సీట్లకు అటూ ఇటూగా పరిమితి ఉంది. దుబాయి మరిన్ని అడుగుతోంది, భారత ప్రభుత్వం ఇవ్వడం లేదు. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు ఆర్డరిచ్చింది. ఇండిగో 2024లో 30 ఎయిర్‌బస్ ఎ350 పెద్ద విమానాలకు ఆర్డరిచ్చి, మరుసటి ఏడాది ఆ సంఖ్యను రెట్టింపు చేసింది, అవి వచ్చేలోగా నార్వే సంస్థ నుంచి అద్దెకు తెచ్చిన బోయింగ్ 787లతో 2025 జులైలో ముంబై నుంచి మాంచెస్టర్, ఆమ్‌స్టర్‌డామ్‌లకు ఎగిరింది. ఆ ఏడాదే రెండు సంఘటనలు రెండు దిక్కుల నుంచి హెచ్చరించాయి. ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసివేయడంతో ఉత్తర అమెరికాకు వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టుదారి పట్టి, ఇంధనం కోసం మధ్యలో దిగవలసి వచ్చింది. డిసెంబరులో పైలట్ల విశ్రాంతి వేళలపై కొత్త నిబంధనలకు తగినంతమందిని సిద్ధం చేసుకోని ఇండిగో కొద్దిరోజుల్లోనే వేల విమానాలను రద్దు చేసింది, ప్రభుత్వం దాని దేశీయ షెడ్యూలును 10 శాతం కోసింది. మొదటిది రచ్చలో తగిలిన దెబ్బ, రెండవది ఇంట్లో. సంస్థ పరువుకు రెండవదే ఎక్కువ హాని చేసింది.

ఇకముందు లెక్కను మార్చగలిగేది వాణిజ్య వ్యూహం కాక విమానపు పరిమాణం కావచ్చు. ఇప్పటివరకు యూరప్ దూరానికి ఒకే నడవాతో కాక, రెండు నడవాలతో ఉండే పెద్ద విమానం అవసరమయ్యేది. దాన్ని నింపాలంటే ఢిల్లీ, ముంబైల వంటి సాంద్రత ఉండాలి, లేదా దుబాయిలా ఊరూరి ప్రయాణికులను ఒకచోట పోగుచేయాలి. ఇండిగో ఆర్డరిచ్చినవాటిలో ఎ321 ఎక్స్‌ఎల్‌ఆర్ అనే ఒకే నడవా విమానం ఉంది. అది 8,700 కిలోమీటర్ల వరకు ఎగరగలదు, దానిలో సీట్లు రెండు వందలకు అటూ ఇటూగా ఉంటాయి. రోజుకు మూడు వందల మందిని పోగుచేయలేని నగరం కూడా నూట డెబ్భై మందిని పోగుచేయగలదు. అదే పనిని సింగపూర్ ఇప్పటికే తన వైపు నుంచి చేస్తోంది: దాని చౌక సంస్థ స్కూట్ చిన్న విమానంతో విశాఖపట్నం దాకా వచ్చి, ఇక్కడ ఎక్కినవారిని చాంగి విమానాశ్రయంలో ఆస్ట్రేలియా వైపో జపాన్ వైపో మళ్లిస్తోంది, విశాఖ నుంచి నేరుగా ఆ దేశాలకు విమానం వేసే భారతీయ సంస్థ ఇంకా ఒక్కటీ లేదు.